రంగెక్కిన నూలు, హిమమువంటి తెలుపు

పాఠ్యభాగము: యెషయా 1:10–20
తోడుగా చదువవలసినవి: కీర్తన 32, కీర్తన 51, కీర్తన 147:12–18, మత్తయి 5:21–26

1. సూరతులో ఒక సాయంకాలము

సూరతు పట్టణములో హిమము కురియదు. తపతీ నదీతీరమున, సముద్రమునకు చేరువగా నున్న ఆ నగరములో జనవరి మాసమందు వేకువను ఒక శాలువ కప్పుకొనిన చాలును. ప్రొద్దెక్కునప్పటికి దానిని మడిచి పెట్టవలసినదే. అయినను గడచిన జనవరిలో ఆ పట్టణమందే, లింబాయత్‌లో నున్న నా తమ్ముని యింట, హిమమును గూర్చి నేనొక పాఠము నేర్చుకొంటిని. నేర్పుటకు వెళ్లినవాడను నేర్చుకొని తిరిగివచ్చితిని. ఆ పాఠమునే ఇక్కడ మీ యెదుట ఉంచుచున్నాను.

లింబాయత్ పేరు మన పాఠకులలో కొందరికి తెలిసియే యుండును. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నేతపనివారు, ముఖ్యముగా పద్మశాలీలు, కొన్ని తరములుగా సూరతునకు వలసవెళ్లి అక్కడ స్థిరపడియున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు బడులను సహా నడుపుచున్నది. మాది సిరిసిల్ల. నా తమ్ముడు ఎనిమిదవ తరగతితో చదువు మాని, మా బంధువు వెంట సూరతునకు రైలెక్కెను. అతడు మగ్గముల యొద్ద రాత్రి పని చేసి పంపిన మనియార్డరులతో నేను వేదాంతము చదివితిని. ఇప్పుడతడు పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేయుచున్నాడు.

అది శనివారము. ఉత్తరాయణపు పతంగుల పండుగ దగ్గరపడినందున వీధుల ప్రక్కన గుంజలకు నూలు చుట్టి, దానికి గులాబీరంగు పూసి ఆరబెట్టుచుండిరి. రాత్రి భోజనమునకు కూర్చుండు వేళ తమ్ముని పెద్ద కుమార్తె అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునుండి ఫోనులో ఒక వీడియో పంపెను. అక్కడ అప్పుడే తెల్లవారినది. ఆమె యింటి మెట్లమీదను, పెరటిలోని మట్టిమీదను సన్నని హిమము పడియుండెను. గొప్ప తుపాను కాదు. పిండి జల్లెడ పట్టినంత మాత్రమే. అయినను చెత్త, బురద, ఎండుటాకులు ఏవియు కనబడక అంతయు ఒకే తెలుపుగా నుండెను.

"సాంచెల కార్ఖానల దూది పడ్డట్టే ఉన్నది" అని మా మరదలు నవ్వెను. పదవ తరగతి చదువుచున్న చిన్నకుమార్తె మాత్రము నా వైపు తిరిగి, "పెద్దబాపూ, బైబిల్ల హిమము అన్నది ఇదేనా? మరి మంచు అంటే వేరేనా?" అని అడిగెను.

2. మంచు వేరు, హిమము వేరు

అనువాదపు పనిలో చాల సంవత్సరములు గడపిన నాకు ఆ ప్రశ్న ఇష్టమైనది. తెలుగువారికి మంచు అను మాట ఒకటే. వేకువను గడ్డిపరకపై నిలుచు బిందువు మంచు. దారి కానరాకుండ క్రమ్ముకొనునది పొగమంచు. కొండలపై తెల్లగా పడునదియు మంచే. హెబ్రీ భాషలో ఇవి వేరువేరు మాటలు. రాత్రి కురిసి ఉదయమున ఇగిరిపోవునది "టల్". ఆకాశమునుండి తెల్లగా రాలునది "షెలెగ్". నేలమీద సన్నని కణములుగా పేరుకొనునది "కెఫోర్". నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నా ఈ కడపటి దానితోనే పోల్చబడినది. మన అనువాదకులు దానిని నూగుమంచు అనిరి.

"టల్" అను చోట మంచు అనియు, "షెలెగ్" అను చోట హిమము అనియు వారు వ్రాయుట ఊరక జరిగినది కాదు. మనవారు దేనినైనను నిలువనిదని చెప్పవలసినప్పుడు మంచువలె కరిగిపోయెనందురు. హోషేయ 6:4 లో దేవుడు తన ప్రజల భక్తిని ప్రాతఃకాలమున కనబడి మాయమగు మంచుతో పోల్చి దుఃఖపడుచున్నాడు. యెషయా గ్రంథములో సహితము అదే మాట పడియున్నచో, దేవుని క్షమాపణయు ప్రొద్దెక్కగానే ఇగిరిపోవునదని మన ప్రజలు తలంచియుందురు.

తెలుగు వేదమునకును సూరతునకును ఒక దూరపు చుట్టరికము కలదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరి తెలుగు అనువాదము ప్రారంభించిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి శ్రమఫలముగా మూడు సువార్తలు 1812లో సీరాంపురములో అచ్చయినవి. అదే సొసైటీ 1815లో సూరతునందు పని ఆరంభించెను. స్కిన్నర్, ఫైవీ అను మిషనరీలు అక్కడ గుజరాతీ భాషలో క్రొత్త నిబంధనను, తరువాత పాత నిబంధనను సిద్ధపరచిరి. చలిదేశమునుండి వచ్చినవారు, హిమము నెరుగని రెండు సముద్రతీరములలో, రెండు ప్రజలకు హిమమును గూర్చిన వాక్యము నందించిరి. నేటి గుజరాతీ వేదములో సహితము ఈ వచనమున "హిమ్" అను మాటయే కలదు.

3. తెల్లని ఉన్ని, నల్లని గొంగడి

యెషయా యెరూషలేము నివాసి. సముద్రమట్టమునకు ఇంచుమించు 750 మీటర్ల ఎత్తున నున్న ఆ పట్టణములో కొన్ని శీతకాలములయందు హిమము పడును. ఉత్తరముననున్న హెర్మోను శిఖరము 2,800 మీటర్లకు మించిన ఎత్తుగలది. అక్కడ హిమము నెలల తరబడి నిలుచును. కనుక హిమమనగా ప్రవక్త శ్రోతలు ఎరిగిన వస్తువే. ఎరుగనివారికి సహాయమా అన్నట్లు 1:18 లో రెండవ ఉపమానము కూడ కలదు: గొర్రెల ఉన్ని. కీర్తన 147:16 లోను హిమము ఉన్నితోనే పోల్చబడినది.

కాని తెలంగాణ పల్లెలలో పెరిగిన బిడ్డకు ఈ రెండవ మాటయు చిక్కే. మన దక్కను గొర్రెలు ఎక్కువగా నల్లనివి. కురుమలు నేయు గొంగడి నల్లనిది. హిమము చూడలేదు, ఉన్ని చూచితిమి గాని అది నలుపు! మరి ఈ వచనము మాకు ఎట్లు అర్థమైనది?

మా తండ్రి సిరిసిల్లలో సాంచెలు నడిపెడివాడు. మరమగ్గమునకు మా ఊరివారు పెట్టిన పేరది. ఆ కార్ఖానాలో గాలి నిండ దూది నూగు ఎగురుచుండెడిది. సాయంకాలము ఆయన గడపలో నిలిచినప్పుడు తల, కనుబొమలు, మీసము తెల్లనై, ఉదయమున వెళ్లిన మనుష్యుడు ముదుసలియై తిరిగివచ్చెనా యన్నట్లుండెడిది. మా అమ్మ తువ్వాలతో దులుపుచుండగా మేమిద్దరము ఆ రాలు నూగును అరచేతులతో పట్టుకొనెడివారము. ఒకనాటి కుటుంబప్రార్థనలో ఈ వచనము చదివి, హిమమనగా ఏమని నేనడుగగా, ఆయన తన తల నిమిరి, చేతికంటిన నూగును చూపి, "ఇగో బిడ్డా, గిట్ల తెల్లగ" అనెను. ఏ వేదాంత కళాశాలయు నాకు అంతకంటె మంచి వ్యాఖ్యానము చెప్పలేదు. ప్రత్తి మాత్రము వేదమునకు పరాయిది కాదు: ఎస్తేరు 1:6 లోని "కర్పస్" అను హెబ్రీ మాట మన "కార్పాసము" అను సంస్కృతపదమునుండి వెళ్లినదే.

4. తమ్ముని ప్రశ్న

మరునాడు ఆదివారము అక్కడి తెలుగు సంఘములో నేను ప్రసంగించితిని. రాత్రి చూచిన వీడియో మనస్సులో మెదలుచుండుటచేత, హిమము పెరటిలోని బురదను కప్పినట్లు దేవుడు మన పాపములను కప్పునని చెప్పితిని. సంఘమువారు సంతోషించిరి. నేనును సంతోషించితిని.

మధ్యాహ్నము భోజనమైన తరువాత తమ్ముడు మెల్లగా అడిగెను: "అన్నా, నువ్వు చెప్పినట్టు మీద తెల్లగ కప్పుతే, లోపట రంగు అట్లనే ఉంటది గద? దేవుడు కప్పుతడా, తీస్తడా?"

అతడు తన పనినిబట్టి వివరించెను. రంగు వేయని బట్టను మిల్లులలో "గ్రే" అందురు. పాలియెస్టరు గ్రేను జెట్ యంత్రములో రంగునీటితో 130 డిగ్రీల వరకు వేడిచేయుదురు. అప్పుడు రంగు దారము మీద నిలువక లోపలికి పోవును. తప్పురంగు ఎక్కినచో కాస్టిక్, హైడ్రోసు వేసి మరల ఉడికింతురు. కొంత దిగును, కాని మొదటి గ్రే మరల రాదు, దారము బలమును పోగొట్టుకొనును. "అందుకే తప్పు పడ్డ తానుకు ఇంకా ముదురు రంగు వేస్తం అన్నా, నలుపో నీలమో. తెల్లగ జేసుడు మా చేతుల లేదు."

అతడు మాటలాడుచుండగనే చిన్నది ఫోను తెచ్చి అక్క పంపిన రెండవ వీడియో చూపెను. ప్రొద్దెక్కగా హిమము కరిగిపోయినది. అదే పెరడు, అదే బురద, మునుపటికంటె తడిగా, మునుపటికంటె నల్లగా.

నా యొద్ద జవాబు లేదు.

5. వాక్యము చెప్పునదేమి?

ఆ రాత్రి నేను హెబ్రీ మూలమును మరల తెరచితిని. మూడు సంగతులు కనబడినవి.

మొదటిది, ఆ యెరుపు. మన తెలుగు వేదములో "రక్తము", "కెంపు" అను మాటలున్నవి. పదునైదవ వచనము రక్తముతో నిండిన చేతులను గూర్చి చెప్పుచున్నది గనుక అది తగియే యున్నది. అయితే మూలమందలి "షానీ", "తోలా" అను మాటలు రెండును అద్దకమునకు సంబంధించినవి. "తోలా" యనగా పురుగు. సింధూరవృక్ష జాతి చెట్లమీద బ్రదుకు ఒక చిన్న కీటకమును ఎండబెట్టి నూరి ఆ యెర్రరంగు తీసెడివారు. యూదయ అరణ్యములోని ఒక గుహలో దొరికిన చిన్న వస్త్రపు ముక్క ఇట్టి కీటకపు రంగుతోనే అద్దబడినదనియు, దాని వయస్సు ఇంచుమించు 3,800 సంవత్సరములనియు ఇశ్రాయేలు పరిశోధకులు 2024లో ప్రకటించిరి. ఇన్ని యుగములు గడచినను ఆ ఉన్నినూలు ఎర్రగానే యున్నది! ప్రవక్త తీసికొన్న ఉపమానము కడిగిన పోవు మరక కాదు. నూలులో ఇంకిన పక్కారంగు. తమ్ముడు ఎరిగిన యెరుపే అది.

రెండవది, ఆ తెలుపు. పాపము హిమముచేత కప్పబడునని ఈ వచనము చెప్పుటలేదు. హిమమువలె తెల్లనగునని చెప్పుచున్నది. ఇక్కడి క్రియ తెల్లబడుట అను అర్థముగల "లాబాన్" అను ధాతువునకు చెందినది. లెబానోను అను కొండపేరును అదే ధాతువునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. కీర్తన 51:7 లో దావీదు కోరునదియు ఇదే. యోబు 9:30–31 లో మనుష్యుడు హిమముతో తన్నుతాను కడుగుకొనినను గుంటలోనికే త్రోయబడుచున్నాడు. మనుష్యునికి సాధ్యము కాని పనిని దేవుడు తనదిగా చేసికొనుచున్నాడు. గ్రే మరల గ్రే యగును, దారము తెగదు.

మూడవది, కప్పుట అను మాట. తన పాపము కప్పబడినవాడు ధన్యుడని కీర్తన 32:1 చెప్పుచున్నది గదా యని మీరడుగవచ్చును. నిజమే. అయితే అయిదవ వచనము చూడుడి. తన దోషమును తాను కప్పుకొనలేదని కీర్తనకారుడు అక్కడ చెప్పుచున్నాడు. రెండు చోట్లను హెబ్రీ క్రియ ఒక్కటే. మనుష్యుడు విప్పి చూపినదానిని దేవుడు కప్పును. మనుష్యుడు కప్పుకొనినదానిని దేవుడు కప్పడు. సామెతలు 28:13 చెప్పునదియు అదే.

1:18 ని ప్రశ్నగా చదువవలెనని కొందరు పండితులందురు. వాగ్దానముగా చదివినను ప్రశ్నగా చదివినను, దానికి ముందున్న రెండు వచనములను ఎవరును దాటిపోలేరు: కీడు మానుడి, న్యాయము వెదకుడి, తండ్రిలేనివానికిని విధవరాలికిని న్యాయము చేయుడి. తెలుపును గూర్చిన మాట ఆ పిలుపు తరువాతనే వచ్చినది.

6. నేను కప్పుకొనినది

ఇక్కడ ఈ పాఠమును ముగించియుండవచ్చును. కాని ఆ రాత్రి వాక్యము నన్ను విడువలేదు.

2001 జనవరిలో నేను స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పరిశోధన ముగించుచుంటిని. మౌఖికపరీక్షకు ఆరు దినములుండెను. ఆ ఉదయమున సన్నని హిమము పడెను. నా జీవితములో కిటికీయొద్ద నిలిచి ఆనందించిన మొదటి హిమమది. నాకు మా తండ్రి తలమీది దూది జ్ఞాపకమునకు వచ్చెను. మధ్యాహ్నమునకది కరిగిపోయెను. సాయంకాలము ఆయన మరణవార్త వచ్చెను. తమ్ముడు అప్పుచేసి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లు దిగి సిరిసిల్ల చేరి, పొరుగింటి ఫోనునుండి నాతో మాటలాడెను. నేను వెళ్లగలిగియుంటిని, టిక్కెట్టునకు డబ్బు నాయొద్ద ఉండెను. అయితే పరీక్ష పోవునని భయపడి, "హిమము కురిసి విమానములు నిలిచిపోయినవి, చూచెదను" అంటిని. విమానములు నిలువలేదు.

ఇరువది సంవత్సరములకు పైగా ఆ అబద్ధముమీద నేను హిమము కప్పియుంచితిని. దానిమీద నడచుచు క్షమాపణను గూర్చి ప్రసంగించితిని, వ్యాసములు వ్రాసితిని.

సోమవారము వేకువను తమ్ముడు పనికి బయలుదేరకమునుపు సంగతి చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "రెండొద్దులు బాపును మంచుగడ్డల మీద పెట్టి నీ కోసం చూసినం అన్నా. పూటకోసారి గడ్డలు తెచ్చి పెట్టిన" అనెను. ఆ సంగతి నేనెన్నడును వినలేదు. మరల కొంతసేపైన తరువాత, "ముందే చెప్తే అయిపోవు గద" అని, ప్రార్థన చేయుమని నన్ను అడిగెను. నాకు మాట రాలేదు. అతడే చేసెను, ఆలస్యమైనదని చెప్పి లేచి మిల్లునకు వెళ్లెను. సాయంకాలము తిరిగివచ్చి, సిరిసిల్లలో మా తండ్రి సమాధికి క్రొత్త రాయి పెట్టించుటకు ఇద్దరమును కలిసి వెళ్లుదమనెను. వేసవిలో వెళ్లితిమి.

నా తమ్ముడు నన్ను క్షమించుట నేను సంపాదించినది కాదు. పక్కారంగు నూలునుండి దిగునని నేను హెబ్రీ భాషలో చదివితిని. లింబాయత్‌లో ఒక ఇరుకు గదిలో చూచితిని. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి సహోదరునియొద్దకు మొదట వెళ్లుమని ప్రభువు మత్తయి 5:24 లో ఎందుకు ఆజ్ఞాపించెనో నాకు అప్పుడు తెలిసినది. సహోదరునికి దాచిన దోషమును దేవునియొద్ద మాత్రము ఒప్పుకొని తెల్లబడితినని తలంచుట, కరిగిపోవు హిమమునే నమ్ముకొనుట.

ప్రియ పాఠకులారా, మనలో ననేకులము హిమమును చూడకయే ఈ లోకమును విడుతుము. అది లోటు కాదు. ఎర్రనూలు నెరిగినవాడు, సహోదరుని నెరిగినవాడు ఈ వచనమును చాలినంతగా ఎరుగును. తన మాట హిమమువలెను వర్షమువలెను దిగివచ్చి భూమిని తడిపి ఫలింపజేయక తిరిగి పోదని దేవుడు యెషయా 55:10–11 లో చెప్పియున్నాడు. కరిగిపోయిన హిమము సహితము వ్యర్థము కాదు. అది నేలలోనికి దిగును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. యెషయా 1:16–17 లోని ఆజ్ఞలను విడిచి 18వ వచనమును మాత్రము మనము కంఠస్థము చేయుటకు కారణమేమి?
2. కీర్తన 32 లోని 1, 5 వచనములను ప్రక్కప్రక్కన ఉంచి చదువుడి. మీరు కప్పుకొని యున్నది, దేవుడు కప్పవలెనని విప్పవలసినది ఏదైన కలదా?
3. మీ చదువు, మీ ఉద్యోగము, మీ పరిచర్య ఎవరి కష్టముమీద నిలిచియున్నవి? వారితో చెప్పవలసిన మాట మిగిలియున్నదా?

ప్రార్థన

దేవా, మేము పైపైని కప్పుకొనిన తెలుపును తీసివేయుము. మాలో ఇంకిన రంగును నీవే ఎరుగుదువు, నీవే తీయగలవు. మేము దుఃఖపెట్టిన సహోదరునియొద్దకు, ప్రొద్దు గ్రుంకకమునుపే, మమ్మును నడిపించుము. యేసుక్రీస్తు నామమున, ఆమేన్.